అప్పు చేసి 6జీ నేర్చుకోవాలా? పెదగంట్యాడ యువ వెల్డర్ కేసు

వెల్డర్లకు అర్హత పరీక్షలు నిర్వహించడం, వారు వేసిన జాయింట్లను తనిఖీ చేయడం నా వృత్తి. ఐటీఐ పూర్తి చేసిన పిల్లలు, వారి తల్లిదండ్రులు తరువాత ఏం చేయాలో అడగడానికి తరచూ వస్తుంటారు. ఈ కేసు వాటిలో ఒకటి. కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను, మనిషిని గుర్తుపట్టే వివరాలు మాత్రం తీసివేశాను.

యువకుడి వయసు పంతొమ్మిది. ఇల్లు విశాఖలో పెదగంట్యాడ వైపు. తండ్రి ఒక కర్మాగారంలో కాంట్రాక్టు కార్మికుడు. ఉక్కు కర్మాగారానికి భూములిచ్చిన నిర్వాసితుల కుటుంబం కావడం వల్ల, ఎప్పటికైనా ఆర్ కార్డు (నిర్వాసితులకు ఇచ్చిన పునరావాస కార్డు) మీద ఉద్యోగం వస్తుందనే ఆశ ఆ ఇంట్లో తాతగారి కాలం నుంచీ ఉంది. కుర్రవాడు పదో తరగతి మధ్యలో మానేసి, 8వ తరగతి అర్హతతోనే ఐటీఐలో వెల్డర్ ట్రేడ్‌లో చేరి, ఏడాది కోర్సు పూర్తి చేసి సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. ఆ తరువాత ఆటోనగర్‌లో ఒక చిన్న షాపులో గేట్లు, కిటికీ గ్రిల్స్, రేకుల షెడ్ల పని చేస్తూ రోజు కూలి తెచ్చుకుంటున్నాడు.

వారు నా దగ్గరకు వచ్చేసరికి ఇంట్లో నిర్ణయం దాదాపు అయిపోయింది. ఒక ప్రైవేటు శిక్షణ కేంద్రంలో నెల రోజుల 6జీ ఆర్గాన్ కోర్సు (వాలుగా బిగించిన పైపును ఆర్గాన్ వాయువు రక్షణలో వెల్డింగ్ చేయడం) చేయించి, అక్కడి వారు చూపించిన ఏజెంటు ద్వారా గల్ఫ్‌కు పంపాలని మేనమామ పట్టుబట్టాడు. ఫీజు, ఏజెంటు ఖర్చు కలిపితే తల్లి బంగారం తాకట్టు పెట్టక తప్పదు. తల్లి మాత్రం "మాకు కావాల్సింది పర్మనెంటు ఉద్యోగమేనండి, దేశాలు తిరగడం కాదు" అంది. తండ్రి ఏమీ మాట్లాడలేదు. కుర్రవాడిని అడిగితే, "మావయ్య చెప్పినట్టు వెళ్తే డబ్బులొస్తాయి కదా సార్" అన్నాడు.

వాళ్లు అడిగిన ప్రశ్న ఏ కోర్సు మంచిదని. ఆ ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పను. వెల్డర్ అర్హత డిగ్రీ పట్టాలా ఒకసారి వస్తే జీవితాంతం ఉండేది కాదు. ఏ ప్రాసెస్‌లో (వెల్డింగ్ పద్ధతిలో), ఏ పొజిషన్‌లో (జాయింటు ఉండే భంగిమలో), ఎంత మందం, ఎంత వ్యాసం మీద పరీక్ష నెగ్గాడో అంతవరకే ఆ కాగితం చెల్లుతుంది, అదీ ఆ పని చేస్తూ ఉన్నంతకాలమే. కాబట్టి ముందు తేల్చవలసింది ఈ కుర్రవాడు ఇప్పుడు ఏ పరీక్ష నెగ్గగలడు, నెగ్గిన తరువాత ఆ అర్హతను చచ్చిపోకుండా నిలబెట్టే పని అతనికి ఎక్కడ దొరుకుతుంది అన్న రెండు విషయాలు. కోర్సు సంగతి ఆ తరువాతే వస్తుంది.

చెయ్యి చూడకుండా సలహా ఇవ్వడం నాకు అలవాటు లేదు. 10 మి.మీ. ప్లేట్లు రెండింటిని వి ఆకారంలో బెవెల్ చేసి (అంచులు ఏటవాలుగా కోసి) నిలువుగా నిలబెట్టి, 3.15 మి.మీ. 7018 రకం వెల్డింగ్ రాడ్లు చేతికిచ్చి 3జీ, అంటే నిలువు జాయింటు, వేయమన్నాను. మొదటి రాడ్డుకే సంగతి అర్థమైంది. అతను పైనుంచి కిందికి లాగడం మొదలుపెట్టాడు. గ్రిల్స్ పనిలో పలుచని గొట్టాల మీద 6013 రకం రాడ్డుతో అలా దిగితే పని త్వరగా అవుతుంది, గొట్టం కాలిపోదు, చూడటానికి కూడా శుభ్రంగా ఉంటుంది. ఆటోనగర్ పనికి అది సరైన పద్ధతే. కానీ 7018తో కిందికి లాగితే కరిగిన లోహం కంటే ముందు స్లాగ్ (రాడ్డు పూత కరిగి ఏర్పడే మడ్డి) జారి దాని కిందే చిక్కుకుంటుంది. కింది నుంచి పైకి వేయాలని, ఆర్క్‌ను చాలా పొట్టిగా పట్టాలని చెప్పాక వేయగలిగాడు గాని, రాడ్డు మార్చిన ప్రతి చోటా అంచులు తినేసి అండర్‌కట్ వచ్చింది. ఎన్ని యాంపియర్లు పెట్టావని అడిగితే చెప్పలేకపోయాడు. షాపులో ట్రాన్స్‌ఫార్మర్ హ్యాండిల్ తిప్పి చప్పుడును బట్టి సరిచూసుకోవడమే తప్ప అంకె చూసి పెట్టే అవసరం అతనికి ఎప్పుడూ రాలేదు. ఆ ప్లేటు నుంచి కోసిన రూట్ బెండ్ ముక్కను (రూట్, అంటే జాయింటు అడుగు పొర, గట్టిదనం చూసే నమూనాను) వంచితే తెరుచుకుపోయింది. వంచిన ముక్కలో 3 మి.మీ. మించిన లోపం తెరుచుకుంటే, వెల్డర్ల అర్హత పరీక్షలకు వాడే అమెరికన్ కోడ్ ఏఎస్ఎంఈ సెక్షన్ 9 ప్రకారం ఫెయిల్. ఇతని ముక్కకు కొలబద్ద కూడా అవసరం లేకపోయింది.

అయితే అదే రోజు ఒక చిన్న పైపు ముక్క మీద ఆర్గాన్ టార్చ్ ఇచ్చి చూస్తే నేను అనుకోనిది కనిపించింది. ఐటీఐలో ఆ టార్చ్ పట్టుకున్నది చాలా తక్కువని అతనే చెప్పాడు. అయినా మణికట్టు స్థిరంగా ఉంది, ఫిల్లర్ వైరును తొందర లేకుండా అందించాడు, అన్నిటికంటే ముఖ్యంగా కళ్లు ఆర్క్ మీద కాక కరిగిన గుంట మీద నిలిచాయి. ఈ చివరిది నేర్పడం కష్టం. చాలామంది ఏళ్ల తరబడి వెల్డింగ్ చేస్తూ కూడా వెలుగునే చూస్తుంటారు.

తేలింది ఇది. చేతిలో ఒడుపు ఉంది. ప్లేటు మీద పునాది లేదు. గ్రిల్స్ పని వల్ల వచ్చిన ఒక అలవాటును వదిలించాలి.

ఇక మేనమామ చెప్పిన 6జీ గురించి. పైపును 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగించి, వెల్డరే చుట్టూ తిరుగుతూ వేసే పరీక్ష అది. అందులో నెగ్గితే గ్రూవ్ వెల్డింగ్‌లో (అంచుల మధ్య గాడిని నింపే పనిలో) మిగతా పొజిషన్లన్నిటికీ అర్హత వస్తుంది కాబట్టి దానికి అంత పేరు. కానీ ఆ పేరు చుట్టూ అమ్ముతున్న కాగితం సంగతి వేరు. ఏఎస్ఎంఈ సెక్షన్ 9 ప్రకారం వెల్డర్‌ను పరీక్షించి అర్హత ఇవ్వవలసిన బాధ్యత అతని చేత పని చేయించే తయారీ సంస్థది లేదా కాంట్రాక్టరుది. శిక్షణ కేంద్రం ఇచ్చిన కార్డు ఎంత మెరిసినా, కొత్త సైటులో గేటు దగ్గర మళ్లీ కూపన్ (పరీక్ష ముక్క) వేయించకుండా ఎవరూ లోపలికి పంపరు. రెండో సంగతి ఇంకా ముఖ్యం. అర్హత వచ్చిన తరువాత ఆరు నెలల పాటు ఆ ప్రాసెస్‌లో వెల్డింగ్ చేయకపోతే అది రద్దవుతుంది. నెల రోజుల కోర్సులో ఎలాగో ఒక కూపన్ గట్టెక్కించి, తరువాత పైపు పని దొరకక మళ్లీ గ్రిల్స్‌కు వెళ్లిన పిల్లలను నేను చూశాను. వారి దగ్గర అప్పు మిగిలింది, అర్హత మిగలలేదు. ఈ కుర్రవాడికి 7018తో నిలువు ప్లేటే రాలేదు. 6జీ పైపులో అడుగు భాగం తలకిందుల పని, పక్కలు నిలువు పని, పైభాగం దాదాపు చదును పని, అన్నీ ఒకే జాయింటులో చేతి కోణం మార్చుకుంటూ పోవాలి. ముప్ఫై రోజుల్లో అది కుదిరే పిల్లలు లేరని అనను, ఇతనికి మాత్రం అప్పటికి కుదరదని చెప్పాను.

గల్ఫ్ విషయంలో మరో చిక్కు ఉంది, దాన్ని ఇంట్లో ఎవరూ గమనించలేదు. పదో తరగతి పాస్ కాని వారికి సాధారణంగా పాస్‌పోర్టులో ఈసీఆర్ హోదా ఉంటుంది. యూఏఈ, సౌదీ, ఖతార్, కువైట్ వంటి గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకు ఉద్యోగం కోసం వెళ్లాలంటే వారు 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద ముందు అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతి పెట్టింది కార్మికుడి రక్షణ కోసమే. దాన్ని తప్పించుకోవడానికి విజిటింగ్ వీసా మీద పంపుతామనే ఏజెంటు దగ్గరే అసలు ప్రమాదం మొదలవుతుంది. ఏజెంటుకు రిజిస్ట్రేషన్ ఉందో లేదో ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. రిజిస్టరు అయిన ఏజెంటు సర్వీస్ చార్జీగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. వీరిని అడిగింది అంతకు చాలా ఎక్కువ. ఆ ఏజెంటు పేరు పోర్టల్‌లో వెతికి చూడమని మేనమామకే చెప్పాను. నేను కాదంటే వాదన అవుతుంది, ఆయనే చూసి కాదనుకుంటే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. ఆయన చూశాడు, ఆ పేరు కనిపించలేదు.

విశాఖలో పుట్టిన వెల్డర్‌కు ఉన్న సౌలభ్యం గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఆ కుటుంబానికి గల్ఫ్, ఉక్కు ఫ్యాక్టరీ తప్ప మూడోది కనిపించలేదు. ఒకే బస్సు దూరంలో నాలుగు రకాల వెల్డింగ్ ఇక్కడ ఉంది. 1941లో సింధియా కంపెనీ మొదలుపెట్టిన హిందుస్థాన్ షిప్‌యార్డ్, నేవల్ డాక్‌యార్డ్ ఉండడం వల్ల ఓడ పని ఉంది. సింధియా అనే బస్టాపు పేరు ఆ కంపెనీ నుంచి వచ్చిందని ఈ తరానికి చెబితే ఆశ్చర్యపోతారు. ఓడ పనిలో ప్లేట్లు, స్టిఫెనర్లు (బలం కోసం అతికే పట్టీలు) ఎక్కువ, ఫ్లక్స్ కోర్ వైరుతో (లోపల పొడి నింపిన వైరుతో) అన్ని పొజిషన్లలో గంటల తరబడి వేయగల ఓర్పు కావాలి. రెండోది రిఫైనరీ పని. 1957లో కాల్టెక్స్ పేరుతో మొదలైన మల్కాపురం రిఫైనరీలో షట్‌డౌన్ (మరమ్మతుల కోసం ప్లాంటు ఆపడం) వచ్చినప్పుడల్లా పైపు వెల్డర్లకు గిరాకీ ఉంటుంది. అక్కడ రూట్ ఆర్గాన్‌తో, దాని మీది పొరలు (ఫిల్లింగ్, క్యాపింగ్) 7018తో వేయడం మామూలు. మూడోది బాయిలర్, ప్రెజర్ వెసెల్ పని. 1966లో బీహెచ్‌పీవీగా మొదలై 2013లో భెల్‌లో కలిసిన సంస్థ, పరవాడ దగ్గర 2,000 మెగావాట్ల సింహాద్రి విద్యుత్ కేంద్రం ఈ కోవలోకి వస్తాయి. బాయిలర్ ట్యూబుల మీద చెయ్యి పెట్టాలంటే బాయిలర్ల శాఖ పరీక్ష విడిగా నెగ్గాలి. నాలుగోది, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉన్న పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం పరిశ్రమలలోని పలుచని స్టెయిన్‌లెస్ పైపు పని. అందులో లోపలి వైపు కూడా ఆర్గాన్ నింపి వేయకపోతే రూట్ నల్లగా పొంగి చక్కెర గడ్డకట్టినట్టు తయారవుతుంది, ఆ పైపు మందుల తయారీకి పనికిరాదు.

కుర్రవాడి చెయ్యి చూశాక నా అంచనా అతను చివరికి నాలుగో రకం పనికి సరిపోతాడని, అయితే రెండో రకం మీదుగా నడిచి రావాలని. తొందర లేని స్థిరమైన చెయ్యికి స్టెయిన్‌లెస్ పనిలో విలువ ఉంది. రోజుకు ఎన్ని రాడ్లు కాల్చావన్న లెక్క మీద నడిచే పనిలో అతను వెనకబడతాడు. కానీ నేరుగా ఫార్మా సిటీ కాంట్రాక్టరు దగ్గరకు వెళ్తే హెల్పర్‌గా పైపులు మోయిస్తారు తప్ప టార్చ్ ఇవ్వరు. మధ్యలో ఎవరైనా అతని చేత మందమైన ప్లేటు వేయించాలి, తప్పు వేస్తే కోసి మళ్లీ వేయించాలి. అది జరిగే చోటు అప్రెంటిస్‌షిప్.

దానికి అభ్యంతరం డబ్బు. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం ఐటీఐ సర్టిఫికెట్ ఉన్న అప్రెంటిస్‌కు అప్పటికి కనీస స్టైపెండ్ నెలకు 7,000 రూపాయలు. ఆటోనగర్‌లో అతను తెచ్చుకుంటున్న కూలి అంతకు రెట్టింపు కంటే ఎక్కువ. పైగా అప్రెంటిస్‌షిప్ సలహాదారు అనుమతి లేకుండా అప్రెంటిస్ చేత ఓవర్‌టైమ్ చేయించకూడదు కాబట్టి ఓటీ మీద ఆశ పెట్టుకోవడానికి లేదు. శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇవ్వాలనే బాధ్యత కూడా యజమానికి చట్టం పెట్టలేదు. ఇవన్నీ తల్లి ముందు దాచకుండా చెప్పాను, ఎందుకంటే అప్రెంటిస్ అంటే ఉద్యోగం వచ్చినట్టేనని మన వైపు ఇంకా చాలామంది నమ్ముతున్నారు. అయినా ఏడాది పాటు తగ్గే ఆదాయం, నెల రోజుల కోర్సుకు, ఏజెంటుకు కట్టే మొత్తం పక్కపక్కన వేసి చూస్తే భారం దాదాపు ఒకటే. తేడా ఏమిటంటే ఒకదానికి బంగారం తాకట్టు, వడ్డీ ఉన్నాయి, రెండోదానికి అవి లేవు. తండ్రి మొదటిసారి మాట్లాడింది అప్పుడే. ఏడాది పాటు ఇల్లు తను నడుపుతానన్నాడు.

ఎక్కడ అప్రెంటిస్‌గా చేరాలన్న దగ్గర పదో తరగతి మళ్లీ అడ్డొచ్చింది. నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూలు, రైల్వే ఐటీఐ మార్కులతో పాటు పదో తరగతి మార్కులు కూడా అడుగుతాయి. వెల్డర్ ట్రేడ్‌కు 8వ తరగతి చాలు కదా అని చేరిన పిల్లలకు ఈ గోడ తరువాత కనిపిస్తుంది. అందువల్ల రెండు పనులు ఒకేసారి మొదలుపెట్టాలని నిర్ణయించాం. ఏపీ సార్వత్రిక విద్యాపీఠంలో పదో తరగతికి నమోదు చేయించాం. భారీ ఫ్యాబ్రికేషన్ చేసే ఒక ప్రైవేటు సంస్థలో అప్రెంటిస్‌గా కాంట్రాక్టు రాయించి, ప్రభుత్వ పోర్టల్‌లో అది నమోదైందని సరిచూశాకే చేర్చాం. నమోదు లేకుండా అప్రెంటిస్ అని పిలిచి పని చేయించుకునే చోట్లు ఉన్నాయి. ఏడాది చివర పరీక్ష రాసే అర్హత, జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ ఆ నమోదుతోనే వస్తాయి.

మొదటి కొన్ని నెలలు గడవడం కష్టమైంది. గ్రైండింగ్, ట్యాకింగ్ (ముక్కలను తాత్కాలికంగా అతికించడం) తప్ప ఏమీ ఇవ్వడం లేదని, షాపులో అయితే తానే వెల్డర్‌నని, ఇక్కడ హెల్పర్ కంటే హీనంగా ఉందని చెప్పి మానేస్తానన్నాడు. గ్రైండింగ్‌ను చిన్నచూపు చూడడంలో నేను యువకులతో ఏకీభవించను. బెవెల్ కోణం, రూట్ ఫేస్, రెండు అంచుల మధ్య సందు ఇవన్నీ వెల్డింగ్ మొదలుకాకముందే జాయింటు మంచిచెడ్డలను నిర్ణయిస్తాయి, అవి వేళ్లకు తెలిసేది గ్రైండర్ పట్టుకున్నప్పుడే. అయితే ఏడాదంతా గ్రైండింగే చేయిస్తే అది శిక్షణ కాదు. అప్రెంటిస్ పురోగతి రికార్డు నిర్వహించడం యజమాని బాధ్యత కాబట్టి, అందులో తన పేరు ఎదుట ఏ ప్రాసెస్, ఏ పొజిషన్ రాశారో చూపించమని మర్యాదగా అడగమన్నాను. అడిగాడు. కొన్ని వారాలకు ఫ్లక్స్ కోర్ మీద, తరువాత 7018 మీద పెట్టారు.

అక్కడే అతను రాడ్ల ఓవెన్ విలువ తెలుసుకున్నాడు. ఆటోనగర్‌లో పెట్టె చింపి రాడ్లు బల్ల మీద పడేసేవారు. 7018 పూతకు తేమ తగిలితే వెల్డ్‌లోకి హైడ్రోజన్ చేరి, మందమైన లేదా గట్టి ఉక్కులో పని అయిన తరువాతి రోజుకు పగులు రావచ్చు. సముద్రపు గాలి ఏడాది పొడవునా వీచే ఊరిలో ఇది ఊహించి చెప్పుకునే ప్రమాదం కాదు. 300 డిగ్రీలు దాటిన వేడిలో కాల్చి, వేడి ఓవెన్‌లో ఉంచి, అవసరమైనన్నే బయటికి తీయాలన్నది అతనికి ఏడాది చివరికి చేతి అలవాటైంది. 3జీ, 4జీ (తలపైకి చూస్తూ వేసే) పరీక్షలు సంస్థలోనే నెగ్గాడు. పదో తరగతిలో గణితం ఒకసారి పోయి, తరువాతి విడతలో దాటింది.

అప్రెంటిస్‌షిప్ అయ్యాక ఆ సంస్థ ఉద్యోగం ఇవ్వలేదు. ఒక పైపు కాంట్రాక్టరు దగ్గర 6జీ కూపన్ వేసే అవకాశం వచ్చింది. రెండంగుళాల షెడ్యూల్ 80 పైపు, అంటే 60.3 మి.మీ. వ్యాసం, 5.5 మి.మీ. మందం. ఈ పరీక్ష నెగ్గితే 25 మి.మీ. వ్యాసం నుంచి పైకి, 11 మి.మీ. మందం దాకా అర్హత వస్తుంది. కార్డు మీద ఈ హద్దులు రాసి ఉంటాయి, చదివే వెల్డర్లు తక్కువ. మొదటి కూపన్ ఎక్స్-రేలో పోయింది. పైపు అడుగున, గడియారంలో ఆరు అంకె దగ్గర, రూట్ లోపలికి కుంగింది. ట్యాకులు చల్లారినప్పుడు సందు ముడుచుకుపోయిన సంగతి చూసుకోకుండా రూట్ మొదలుపెట్టాడు. వెంటనే మళ్లీ వేస్తే కోడ్ ప్రకారం రెండు కూపన్లు వేసి రెండూ నెగ్గాలి. మరికొంత సాధన చేసి వస్తే ఒక్కటి చాలు. కాంట్రాక్టరు సాధనకు సమయం ఇచ్చాడు. సందు ముడుచుకున్న చోట పలుచని డిస్కుతో మళ్లీ తెరిచి, ట్యాకు చివరలను ఏటవాలుగా అరగదీసి వేశాక నెగ్గాడు. ఆ అరగదీయడం ఎక్కడ నేర్చుకున్నాడో అతనికి నేను గుర్తు చేయలేదు.

ఇప్పుడు పరవాడ వైపు స్టెయిన్‌లెస్ పైపు పనిలో ఉన్నాడు. ఏ తేదీన ఏ జాయింటు ఏ ప్రాసెస్‌లో వేశాడో పుస్తకంలో రాసుకుని, సూపర్‌వైజర్ చేత సంతకం పెట్టించుకుంటున్నాడు. ఆరు నెలల నిబంధన ముందు నిలిచే సాక్ష్యం అదే. కొడుకు ఆరోగ్యం గురించి తల్లి అడిగిన ప్రశ్నకు జవాబు తేలిక కాదు. వెల్డింగ్ పొగను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో మనుషులకు క్యాన్సర్ కలిగించేదిగా వర్గీకరించింది, స్టెయిన్‌లెస్ పొగలో హెక్సావాలెంట్ క్రోమియం అదనం. ఆర్గాన్ వెల్డింగ్‌లో పొగ తక్కువే, కానీ మూసి ఉన్న ట్యాంకులో, గుంటలో ఆ వాయువు వాసన లేకుండా పేరుకుని ఊపిరి ఆడకుండా చేస్తుంది. పొగ లాగే గొట్టం, సరైన మాస్కు, ఆక్సిజన్ మీటరు లేని చోటికి దిగనని చెప్పే ధైర్యం జీతం కంటే ముందు చూసుకోవాలని అతనికీ, తండ్రికీ కలిపి చెప్పాను.

మేనమామ మళ్లీ ఒక గల్ఫ్ అవకాశం తెచ్చాడు. ఈసారి ఏజెంటు రిజిస్ట్రేషన్ ఆయనే ముందు చూసి వచ్చాడు. పదో తరగతి పాస్ కావడంతో పాస్‌పోర్టులో ఈసీఆర్ చిక్కు కూడా లేదు. రాతపూర్వక ఒప్పందంలో మూల వేతనం, ఓటీ లెక్క, వసతి, టికెట్టు ఎవరు భరిస్తారన్నది, అక్కడ పెట్టే పరీక్ష ఏ ప్రాసెస్‌లోనన్నది రాసి ఉంటే వెళ్లడానికి నాకు అభ్యంతరం లేదన్నాను. ఒప్పందం ఇంకా రాలేదు. ఈలోగా కుర్రవాడు ఇన్‌స్పెక్టర్ కావడానికి ఎన్‌డీటీ (జాయింటును కోయకుండా లోపాలు పట్టే తనిఖీ) లెవెల్ 2 కోర్సు చేస్తే ఎలా ఉంటుందని అడిగాడు. ఆ దారి మూసి లేదు. కానీ లెవెల్ 2కు కోర్సు గంటలతో పాటు ఆ పద్ధతిలో పని అనుభవం చూపాలి, దగ్గరి చూపు పరీక్ష ఏటా నెగ్గాలి. ఆర్క్ వెలుగు దెబ్బకు రాత్రంతా కళ్లలో ఇసుక పోసినట్టు మండడం అతనికి ఆటోనగర్ రోజుల్లో చాలాసార్లు జరిగింది. అందుకని కోర్సు ఫీజు గురించి మాట్లాడే ముందు కళ్ల డాక్టరు దగ్గరకు పంపాను. చూపు బాగానే ఉందన్నారు. ఇంకో రెండేళ్లు పైపు మీద పని చేసి, తన జాయింట్ల ఎక్స్-రే ఫిల్ములు చదవడం సైటులో ఉన్న ఇన్‌స్పెక్టర్ దగ్గర నేర్చుకున్న తరువాత ఆ కోర్సు సంగతి చూద్దామని ప్రస్తుతానికి అనుకున్నాం.